మీసాల అంకుల్

జూన్ 6

చిన్నదాని తల్లిని ఇవాళ మొదటిసారి దగ్గరగా చూశాను. అంత నవ్వు నాకు నచ్చలేదు. ఆరేళ్ళ పిల్లను ఇంట్లో పెట్టి, బయట తాళం వేసి, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీకి పోతోందని పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే శిశు సంక్షేమ ఆఫీసువాళ్ళు పిల్లను తీసుకొచ్చి మా ఇంట్లో ఉంచారు. గురువారం గురువారం ఆఫీసులో ఒక గదిలో తల్లీబిడ్డలను కలవనిస్తారు. అద్దానికి అవతల ఒకామె కూర్చుని చూస్తూ, వింటూ ఉంటుంది. అలాంటి చోట ఎవరికైనా నవ్వొస్తుందా? ఉద్యోగమంతా పరీక్ష హాళ్ళలో కాపలా కాసినదాన్ని. జేబులో చీటీ ఉన్నవాడే నన్ను చూసి ముందుగా నవ్వేవాడు.

ఆ మాట మా ఆయనతో అన్నాను. "ఎవరైనా ఆవలిస్తే చాలు, నువ్వు పేగులు లెక్కపెడతావు. స్కూలు వదిలినా ఆ విద్య నిన్ను వదల్లేదు" అన్నారు.

ఆయనకేం, అందరూ మంచివాళ్ళే. చిన్నది బ్రెడ్డు అంచులన్నీ కొరికి మధ్యది వదిలేస్తుంటే "చిట్టెలుక" అని పేరు పెట్టి మురిసిపోతారు. ఎందుకలా తింటోందని ఆయనకు అనుమానం రాదు. నాకొస్తుంది.

జూన్ 13

పిల్లను ఇచ్చేముందు పెట్టిన శిక్షణ తరగతుల్లో చెప్పారు. తల్లిని కలిసి వచ్చాక పిల్లను ఏమీ అడగకూడదట. తనంతట తాను చెబితే వినాలట, అంతే.

నేను అడగలేదు. బస్సులో ఊరికే, "ఏంటమ్మా, మొహం అలా వేలాడేసుకున్నావు, అమ్మ ఏమైనా అందా?" అన్నాను. అది అడగడం కాదు కదా. ఏ మనిషైనా అనే మాటే.

"అరిచింది" అంది.

ఒళ్ళోకి తీసుకున్నాను. ఇల్లు చేరేదాకా నా చేతి గాజును తిప్పుతూ కూర్చుంది. ఇంటికొచ్చాక పాలల్లో చక్కెర కాస్త ఎక్కువే వేశాను.

జూన్ 14

తల్లిని చూసి వచ్చిన మర్నాడల్లా అన్నం సరిగ్గా తినదు. ఎవరికీ కనిపించదా ఇది?

జూన్ 21

శిశు సంక్షేమ ఆఫీసరమ్మ ఇంటికి వచ్చింది. మంచిదే, కానీ అందర్నీ నమ్మే రకం. తల్లి పగటి డ్యూటీకి మారిందట, కొత్తగా ఒక గది అద్దెకు తీసుకుందట, శుభ్రంగా ఉందట. వచ్చేవారం నుంచి పిల్లను ఆ గదికే తీసుకెళ్ళి ఒక పూట ఉంచుతారట. అంతా సవ్యంగా జరిగితే జూలై చివర్లో కమిటీ కూర్చుని పిల్లను తల్లికి అప్పగించాలా వద్దా అని తేలుస్తుందట.

"మనం చేసేది అదే కదండీ, ఇల్లు నిలబడేదాకా పిల్లను చూసుకోవడం" అంది టీ తాగుతూ.

తెలుసు. తెలిసే ఒప్పుకున్నాం. పిల్లలు లేని ఇంట్లో పిల్ల తిరిగితే ఎలా ఉంటుందో మాత్రం ఆ తరగతుల్లో ఎవరూ చెప్పలేదు.

పగటి డ్యూటీ అంత తేలిగ్గా ఎవరిచ్చారు? కొత్త గదికి అడ్వాన్సు ఎవరు కట్టారు? ఒంటరి ఆడది. నిప్పు లేనిదే పొగ రాదు.

జూన్ 27

రాసి పెట్టుకుంటున్నాను, ఒక్క మాట పోకుండా.

పిల్లను ఆ గదిలో పొద్దున వదిలి సాయంత్రం తీసుకొచ్చారు. కాళ్ళు కడుగుతూ, ఊరికే, "ఇల్లు బాగుందా? ఇంకెవరున్నారు అక్కడ?" అన్నాను.

"ఎవరూ లేరు."

"ఎవరూ లేరా? బాగా గుర్తు తెచ్చుకో. అంకుల్ ఎవరైనా వస్తాడా?"

నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "వస్తాడు."

"ఎలా ఉంటాడు? మీసాలున్నాయా?"

"ఉన్నాయి. పెద్ద మీసాలు."

"కోప్పడతాడా?"

"గదిలో పెట్టి గొళ్ళెం పెడతాడు."

ఇంకేం కావాలి? గొళ్ళెం సంగతి నేను ఎత్తనేలేదు, అదే చెప్పింది. అబద్ధమాడే పిల్లలు అడిగినంతవరకే చెప్పి ఊరుకుంటారు. అడగనిది కూడా చెప్పిందంటే నిజమన్నమాట.

ఒళ్ళో వేసుకుని ఊపాను. నిద్రపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు.

జూన్ 28

ఆఫీసరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మీరు అడిగారా, తనే చెప్పిందా?" అంది. తనే చెప్పిందన్నాను. నేనేమైనా బెత్తం పట్టుకుని అడిగానా?

జూలై 2

ఆఫీసువాళ్ళు ముందు చెప్పకుండా తల్లి గదికి వెళ్ళి వెతికారట. మగ మనిషి జాడ లేదట. కిందింటి ఓనరమ్మ కూడా ఎవరూ రారనే చెప్పిందట. పళ్ళు తోముకునే పెద్ద బ్రష్షొకటి, పక్కన పిల్లల బ్రష్షొకటి, అంతేనట.

బ్రష్షు ఏ పాటిది? జేబులో పెట్టుకుని పోవచ్చు. ఓనరమ్మలు అద్దె వచ్చినంతకాలం కళ్ళు మూసుకునే ఉంటారు.

ఏమైనా కమిటీ దాకా గదికి పంపడం ఆపేశారు. మళ్ళీ ఆఫీసు గదిలోనే. ఇందులో నాకు సంతోషమేమీ లేదు. సాయంత్రం చిన్నదానికి కొత్త చెప్పులు కొన్నాను, బకిల్ ఉన్నవి. పాతవి బిగుతయ్యాయి.

జూలై 4

తల్లి నవ్వడం మానేసింది. అద్దంలోంచి కనిపించింది. నిజంగా ఏ తప్పూ చేయకపోతే నవ్వు ఎందుకు ఆగిపోవాలి?

వెళ్ళేటప్పుడు వరండాలో నాకు ఎదురైంది. మొహం చూడలేదు. నా వెనక, మెట్ల దగ్గర నిలబడ్డ మా ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

జూలై 8

మా సందు చివరి స్కూల్లో సీటు ఉందేమో కనుక్కున్నాను. ఊరికే.

జూలై 12

ఆఫీసువాళ్ళు పొద్దున్నే వచ్చారు. ఆఫీసరమ్మ కాదు, ఇంకో ఇద్దరు. ముందుగా ఫోన్ లేదు, ఏమీ లేదు. నేను గుడ్లు ఉడకబెడుతున్నాను. ఒకామె వంటింటి అలమర తెరిచి చూసింది, ఫ్రిజ్ తెరిచి చూసింది, పిల్ల పడుకునే గది తలుపు వేసి, తీసి, గొళ్ళెం బయట ఉందా లోపల ఉందా అని చూసింది. ఈ ఇంట్లో ఎవరెవరుంటారని ఇంకొకతను అడిగాడు. నా ఇంట్లో, నా గుమ్మం లోపల నిలబడి.

నిన్న ఆఫీసు గదిలో పిల్ల తల్లితో చెప్పిందట. పెద్దమ్మ ఇంట్లో, అంటే మా ఇంట్లో, మీసాల అంకుల్ ఉన్నాడు, గదిలో పెట్టి గొళ్ళెం పెడతాడు అని. తల్లి బయటికొచ్చి ఏడుస్తూ ఫిర్యాదు రాసిచ్చిందట.

మా ఆయన స్నానాల గదిలోంచి మొహం తుడుచుకుంటూ వచ్చి ఇదంతా విన్నారు. పై పెదవి తడుముకున్నారు. "ఇరవై ఏళ్ళప్పుడు నూనె రాసి పెంచినా రాలేదు బాబూ. ఇప్పుడెక్కణ్ణుంచి వస్తాయి" అన్నారు. వచ్చినతను నవ్వాపుకుని ఏదో రాసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

చిన్నది తలుపు వెనక నిలబడి బ్రెడ్డు అంచు కొరుకుతోంది.

జూలై 13

తల్లే నేర్పింది. చిలక్కి నేర్పినట్టు నేర్పింది. నేను చెప్పినదాన్నే తిప్పి నా మీదికి వేసింది. పామును నమ్మొచ్చు, ఇలాంటి మనిషిని నమ్మకూడదు.

జూలై 14

తల్లే నేర్పింది.

జూలై 15

ఆఫీసరమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను, తల్లి మీద ఫిర్యాదు చేద్దామని. నేను చెప్పినదంతా విని, అద్దం అవతల కూర్చునే ఆమెను పిలిచింది. ఆమె ప్రతి మాటా విన్నది కదా.

తల్లి ఏమీ నేర్పలేదట. పిల్ల చెయ్యి పట్టుకుని, భయంభయంగా, "అక్కడ మీసాలున్న అంకుల్ ఎవరైనా ఉన్నాడా నాన్నా? నిన్ను గదిలో పెడుతున్నాడా?" అని అడిగిందట. పిల్ల తల్లి మొహంలోకి చూసి, అవునందట.

"ఆ అమ్మాయి వైపునుంచి ఆలోచించండి" అంది ఆఫీసరమ్మ. "మీసాల మనిషి ఒకడున్నాడని పిల్ల చెప్పిందని మేమే ఆమెతో అన్నాం. తన గదిలో అలాంటివాడెవడూ లేడని ఆమెకు తెలుసు. మరి ఎక్కడున్నట్టు? మీ ఇంట్లోనే ఉన్నాడనుకుంది."

లేచి వచ్చేశాను. బస్సులో దిగాల్సిన చోట దిగడం మర్చిపోయాను.

జూలై 16

ఇద్దరు పిల్లల పేపర్లలో ఒకే తప్పు జవాబు కనిపిస్తే ఏం చేసేదాన్ని? ఒకడు ఇంకొకడి దగ్గర కాపీ కొట్టాడని పట్టుకునేదాన్ని. ఇందులో సందేహమే లేదు. ఒకే తప్పు రెండుచోట్ల దానంతటది పుట్టదు.

మీసాలు ఎవరన్నారు ముందు?

వెనక పేజీ తిప్పి చూశాను. నా చేతిరాతే. "మీసాలున్నాయా?" అని నేనే అడిగాను.

అయినా, గొళ్ళెం నేను అనలేదు. అది మాత్రం పిల్లే అంది. తల్లి తాళం వేసి పోయిన రోజులు దానికి గుర్తుండి ఉంటాయి. అంటే పూర్తిగా అబద్ధం కాదు. అంటే నాది పూర్తిగా తప్పు కాదు.

మా ఆయన పడుకోబోతూ ఒక్క మాటే అన్నారు. "దాన్ని ఉంచేసుకోవాలని నాకూ ఉంది. కానీ ఇలా కాదు." అటు తిరిగి పడుకున్నారు.

జూలై 18

ఇవాళ బస్సులో ఒక్క మాటా అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పక్క సీట్లో చిన్నది కాళ్ళు ఊపుతూ నన్ను చూస్తోందని తెలుస్తూనే ఉంది.

కాసేపటికి, "అమ్మ కొట్టింది" అంది.

"ఊఁ" అన్నాను.

ఇంకాసేపటికి, "అంకుల్ కూడా వచ్చాడు. పెద్దగా అరిచాడు" అంది. ఆఫీసు గదికి ఏ అంకుల్ వస్తాడు? నేను మళ్ళీ "ఊఁ" అన్నాను. ఇంటిదాకా ఇంకేమీ మాట్లాడలేదు. గోళ్ళు కొరుక్కుంటూ వచ్చింది.

వంటింట్లో కుర్చీలో కూర్చుని క్యారెట్లు తరుగుతున్నాను. గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాదు, పోదు. చివరికి అంది:

"పెద్దమ్మా, అమ్మ ఇవాళ ఏమీ చేయలేదు. బొమ్మ గీసిపెట్టింది, అంతే. అయినా ఒళ్ళో కూర్చోవచ్చా?"

కత్తి పక్కన పెట్టి చిన్నదాన్ని ఎత్తుకున్నాను. క్యారెట్టు తొక్కలు దాని గౌను నిండా అంటుకున్నాయి. ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. వాళ్ళమ్మ మీద ఏదో ఒకటి చెప్పిన రోజునే కదా దీన్ని నేను ఒళ్ళోకి తీసుకున్నది. ఏమీ లేదన్న రోజున తల నిమిరి వదిలేశాను. ఇది చూసింది, లెక్క కట్టుకుంది. ఒళ్ళు కావాలంటే చాడీ తెచ్చింది. వాళ్ళమ్మ భయంగా అడిగితే వాళ్ళమ్మకు కావలసింది ఇచ్చింది. ఆరేళ్ళ పిల్ల, ఇద్దరు పెద్దవాళ్ళ మొహాలు చదువుకుంటూ బతుకుతోంది.

జూలై 19

ఆఫీసరమ్మకు ఇవాళ ఫోన్ చేయలేదు. రేపు చేస్తాను.

జూలై 20

ఆఫీసరమ్మ సెలవేమో.

జూలై 21

ఆదివారం. చిన్నదానికి తలంటాను. జుట్టు బాగా పెరిగింది. చెబితే పిల్ల పోతుంది. ఇంకే పిల్లనూ మా ఇంటికి పంపరేమో కూడా. చెప్పకపోయినా కమిటీ తనకు తోచిన నిర్ణయం తనే తీసుకుంటుంది కదా, మధ్యలో నేనెందుకు?

రాస్తుంటేనే తెలుస్తోంది ఎంత చవకబారు మాటో.

జూలై 22

వెళ్ళి చెప్పాను. "నేనే అడిగాను. అంకుల్ అన్నది నేనే, మీసాలు పెట్టింది నేనే. మీతో అబద్ధం చెప్పాను."

ఆఫీసరమ్మ చాలాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "కమిటీ ముందు ఇదే మాట చెప్పగలరా? ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంటుంది" అంది.

చెబుతానన్నాను.

జూలై 25

పొడుగు బల్ల. అటువైపు ముగ్గురు పెద్దలు. ఇటువైపు నేను, ఆ చివర తల్లి, మధ్య కుర్చీలో చిన్నది. మేమిద్దరం ఒకే గదిలో ఉండగా పిల్ల మా మధ్య కూర్చోవడం ఇదే మొదటిసారి.

పెద్దాయన మెల్లగా, "అమ్మ దగ్గరికి వెళ్తావా తల్లీ?" అని అడిగాడు.

చిన్నది తల్లి మొహం చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ తల్లి మొహం. నోరు తెరిచింది. ఏ జవాబు ఇద్దరికీ నచ్చుతుందో దానికి అంతు చిక్కలేదు. చివరికి మంచినీళ్ళు కావాలంది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, ఖాళీ అయినా దించకుండా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు నేను చెప్పాను. అంతా చెప్పాను. పిల్లను పక్క గదికి పంపమని అడగాల్సింది, తోచలేదు. చెప్పడం పూర్తయ్యాక, దాని వైపు తిరిగి, "మీ అమ్మ మంచిది. నిన్ను అడిగింది నేను, నీ తప్పేం లేదు" అన్నాను. గ్లాసు అంచు మీదుగా చూసింది. నమ్మిందో లేదో తెలియదు.

నెలాఖరు నుంచి మెల్లమెల్లగా పంపి, ఆగస్టు మొదటివారంలో పూర్తిగా తల్లికి అప్పగించమన్నారు. మా సంగతి తర్వాత చూస్తారట. ఆఫీసరమ్మ ఒక కొత్త షరతు పెట్టింది. పిల్ల ఒక ఇంటి గురించి ఇంకో ఇంట్లో ఏం చెప్పినా దాన్ని ఇంకేమీ అడగకూడదు. మేమిద్దరం ఒకరికొకరం ఫోన్ చేసుకుని కనుక్కోవాలి.

వరండాలో తల్లి నా దగ్గరికొచ్చింది. కాళ్ళకు దండం పెడుతుందేమోనని భయపడ్డాను. పెట్టలేదు.

"మీ మాట మీద నా గదికొచ్చి మంచం కింద కూడా వెతికారు మేడమ్. చుట్టుపక్కలవాళ్ళు తలుపుల్లో నిలబడి చూశారు. ఇవాళ మీరు చెప్పింది వాళ్ళెవరూ వినలేదు."

తల దించుకున్నాను.

"తాళం వేసిపోయింది నిజమే," అంది, గొంతు తగ్గించి. "అది మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు."

నవ్వలేదు. ఆ అమ్మాయిని నేను మొదటిసారి నమ్మింది అప్పుడే.

ఆగస్టు 4

వెళ్ళింది. కొత్త చెప్పులు వేసుకునే వెళ్ళింది. మా ఆయన బ్రెడ్డు ప్యాకెట్టు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. తినలేదు.

ఆగస్టు 6

అన్నం తింటోందో లేదో. ఫోన్ చేయొచ్చు. ఏం చెప్పిందని చేయను? నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు కదా.

ఆగస్టు 11

సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే ఫోన్ మోగింది. తల్లి. వెనక ఎక్కడో చిన్నదాని పాట వినిపిస్తోంది.

"పెద్దమ్మగారూ, అడక్కూడదని తెలుసు. దాన్ని అడిగేశాను. అందుకే మీకు చేస్తున్నాను" అంది. "మీ ఇంట్లో ఒక్కరోజు కూడా ఏడవలేదంటోంది. నేను గుర్తే రాలేదట. మీరంత బాగా చూసుకున్నారట. నిజమేనా?"

బంగారంలాంటి సర్టిఫికెట్టు. నా గురించి ఇంత మంచిమాట కమిటీలో కూడా ఎవరూ అనలేదు. అవునమ్మా అంటే చాలు. ఆ అమ్మాయి నమ్ముతుంది, అప్పుడప్పుడు పిల్లను చూడటానికి రమ్మంటుంది కూడా.

"నిజం కాదు" అన్నాను.

వచ్చిన కొత్తలో ప్రతి రోజూ ఏడ్చింది. నీకోసమే ఏడ్చింది. పొద్దున లేవగానే అమ్మ డ్యూటీ అయిపోయిందా అని అడిగేది. వీధిలో ఆడమనిషి నడుస్తున్న చప్పుడైతే కిటికీ దగ్గరికి పరిగెత్తేది. బ్రెడ్డు మధ్యది నీకోసం దాచేది, అందుకే అంచులు మాత్రం కొరుక్కుని తినేది. దిండు కింద ఎండిపోయిన ముక్కలు నేనే తీసి పారేశాను. ఆఫీసువాళ్ళు వచ్చి అడిగితే చక్కగా సర్దుకుందని చెప్పాను. ఈ డైరీలో కూడా రాయలేదు. రాస్తే నేనే చదవాల్సి వస్తుంది కదా.

ఇదంతా ఫోన్లో చెప్పాను. పెట్టేసిందేమో అనుకున్నాను. పాట వినిపిస్తూనే ఉంది.

"ఇంకా చెప్పండి" అంది చివరికి, ముక్కు ఎగబీలుస్తూ. "ఎలా ఏడ్చేది? ఏమనేది?"

చెప్పాను. ఆమె అడుగుతూ పోయింది. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతూ పోయాను.